ఇంజనీరింగ్ మెకానిక్స్ సప్లీ: ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా నా అనుభవం

నేను విజయవాడలో బీటెక్ సివిల్ చదువుతున్నాను. 2024 జూన్‌లో రాసిన ఫస్టియర్ రెండో సెమిస్టర్ పరీక్షల్లో ఇంజనీరింగ్ మెకానిక్స్ ఒక్కటి ఉండిపోయింది. డిసెంబరులో సప్లీ రాశాను, 2025 ఫిబ్రవరిలో పాసయ్యాను. మా బ్యాచ్‌లో ఇదే సబ్జెక్టు మిగిలిన వాళ్లు ఇంకా ఉన్నారు, జూనియర్లూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది.

సెంట్రాయిడ్, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా గురించి ఇందులో ఉండదు. వాటికి సూత్రాలున్నాయి, కూర్చుని సాధన చేస్తే వస్తాయి. నన్ను ఆపింది మొదటి రెండు యూనిట్లు: బలాలు, వాటి సమతాస్థితి. తాడుకి వేలాడే బరువు, గోడకి ఆనుకున్న రోలర్, వాలు మీద పెట్టిన దిమ్మ. బొమ్మ చిన్నదే, అడిగేదీ చిన్నదే. ఆ తాడులో టెన్షన్, అంటే లాగే బలం, ఎంత, ఆ గోడ ఎంత బలంతో నెడుతోంది? అక్కడే చెయ్యి ఆగిపోయేది.

ఫలితాలు ఆగస్టు రెండో వారంలో రాత్రిపూట వచ్చాయి. సైటు తెరుచుకునేసరికి అర్ధరాత్రి దాటింది. మిగతా వాటన్నిటికీ గ్రేడ్లున్నాయి, దీని పక్కన ఎఫ్. ఇంటర్ మ్యాథ్స్ నాలుగు పేపర్లలోనూ డెబ్బై దాటినదాన్ని. సైన్ రూల్, కొసైన్ రూల్ రుజువులతో సహా వచ్చు. అందుకే అమ్మకి అర్థం కాలేదు. "లెక్కలేగా అమ్మా, నీకు లెక్కలు బాగానే వచ్చుగా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. మర్నాడు పొద్దున నాన్న "రీవాల్యుయేషన్‌కి ఎంతో కనుక్కో" అని మాత్రం అన్నారు.

వెయ్యి రూపాయలు. గడువు వారమే. రీకౌంటింగ్ పెడితే తక్కువలో పోతుందని ఒకరిద్దరు చెప్పారు గానీ, అందులో వేసిన మార్కుల్ని మళ్లీ కూడతారంతే, పేపరు దిద్దరు. రీవాల్యుయేషన్ ఫలితం మూడు వారాల్లో వస్తుందన్నారు. సెప్టెంబరు ఆఖరుకి గానీ రాలేదు. వచ్చింది "నో చేంజ్" అని. ఎదురుచూసినన్నాళ్లూ పుస్తకం ముట్టబుద్ధి కాదు, అదే అన్నిటికంటే నష్టం. ఒకవేళ పాసైతే చదివిందంతా వృథా కదా అనిపిస్తుంది. రీవాల్యుయేషన్‌కి కట్టినా సరే, ఆ రోజు నుంచే సప్లీకి చదవడం మొదలుపెట్టండి.

మా ఇంట్లో ఆ ఎదురుచూపుల మధ్యలో ఇంకోటి జరిగింది. సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు పొంగింది. మాది సింగ్‌నగర్‌, కింది వాటా. నీళ్లు కిటికీల దాకా వచ్చాక పైవాటా వాళ్లింట్లో తలదాచుకున్నాం, తర్వాత పడవలో బయటికి తీసుకొచ్చారు. సర్టిఫికెట్ల ఫైలు ఒక్కటి నాన్న నెత్తిన పెట్టుకుని తెచ్చారు. నా పుస్తకాలు, నోట్సు, కాలిక్యులేటర్ అన్నీ బురదలో పోయాయి. ఇల్లు కడుక్కుని మళ్లీ మనుషులు ఉండేలా చేసుకునేసరికి దసరా వచ్చింది. అప్పటిదాకా నేను పటమటలో బాబాయ్ వాళ్లింట్లో ఉన్నాను.

బాబాయ్‌ది ఆటోనగర్‌లో క్రేన్ల పని. లారీల మీంచి మెషిన్లు దించడం, ఎక్కించడం. చదివింది పదో తరగతి. ఆ రోజుల్లో ఊళ్లో అందరి నోటా ప్రకాశం బ్యారేజీ పడవల మాటే. వరదకి కొట్టుకొచ్చి గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లకి గుద్దుకుని అక్కడే ఇరుక్కుపోయాయి. పెద్ద క్రేన్లు తెచ్చి లాగినా మొదట్లో కదల్లేదు. బాబాయ్ టీవీ ముందు కూర్చుని, తాళ్లు ఎక్కడ కట్టారు, ఎటు లాగుతున్నారు అని అదే పనిగా చూసేవాడు. ఒకరోజు నా వైపు తిరిగి, "బరువెంత అన్నది తర్వాతమ్మా, తాడు ఎటు లాగుతుందో ముందు చూడాలి" అన్నాడు.

మర్నాడు యార్డుకి తీసుకెళ్లి రెండు కాళ్ల స్లింగు చూపించాడు. పైన ఒక రింగు, దానికి రెండు వైరు రోపులు, చివర్న కొక్కేలు. కాళ్లు దగ్గరగా ఉంటే రోపులు దాదాపు నిలువుగా ఉంటాయి. దూరంగా తగిలిస్తే వాలిపోతాయి. "ఎంత విప్పితే రోపుకి అంత కష్టం. రెండు కాళ్ల మధ్య నూట ఇరవై దాటనివ్వకూడదు. మరీ చాపేస్తే చిన్న బరువుకే తెగుద్ది" అన్నాడు. ఎందుకని అడిగితే, "మా మేస్త్రి చెప్పాడు, నేను చూశాను" అన్నాడు.

ఆ రాత్రి కాగితం మీద పెట్టి చూశాను. ఒక టన్ను బరువు, రెండు సమానమైన కాళ్లు. బరువు కిందికి లాగుతుంటే దాన్ని ఆపేది రెండు రోపుల్లోనూ నిలువుగా పనిచేసే భాగమే. అంటే సగం బరువుని, రోపు అడ్డగీతతో చేసే కోణం సైన్‌తో భాగిస్తే ఒక్కో రోపులో టెన్షన్ వస్తుంది. 60 డిగ్రీలైతే 0.577 టన్ను. 45 అయితే 0.707. 30 అయితే సరిగ్గా ఒక టన్ను, అంటే రెండు కాళ్లున్నా ఒక్కో కాలూ మొత్తం బరువంత మోస్తోంది. రోపు అడ్డగీతకి 30 డిగ్రీల్లో ఉందంటే రెండు కాళ్ల మధ్య కోణం 120. బాబాయ్ చెప్పిన హద్దు అదే. ఇంకా చాపి 10 డిగ్రీలకి తెస్తే ఒక్కో రోపులో 2.88 టన్నులు. పొద్దున్నే బాబాయ్‌కి ఈ అంకెలు చూపిస్తే కాగితం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, కుర్రాళ్లకి చూపిస్తానని. నాకు ఆగస్టు తర్వాత మొదటిసారి ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టింది ఆ రోజే.

ఇంకో సంగతి కూడా అక్కడే దొరికింది. యార్డు గోడకి తగిలించిన స్లింగు చార్టులో కోణాలు నిలువు గీత నుంచి కొలిచారు. నా లెక్కలో అడ్డగీత నుంచి. చార్టులో 60 అంటే నాకు 30. అందువల్ల నా దగ్గర సైన్ ఉన్నచోట చార్టు ప్రకారం వేస్తే కాస్ పెట్టాలి. రెంటికీ జవాబు ఒకటే. "నిలువు భాగం అంటే సైన్, అడ్డ భాగం అంటే కాస్" అని బట్టీ పట్టిన వాళ్లందరూ బోల్తా పడేది ఇక్కడే. పరీక్షల్లో కూడా ఒక తాడుకి కోణం గోడ నుంచీ, ఇంకో తాడుకి పైకప్పు నుంచీ ఇస్తారు. కోణం పక్కనున్న గీత వైపు భాగం కాస్, ఎదురుగా ఉన్నవైపు సైన్. ఇంతకుమించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు.

దసరా అయ్యాక ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లలో వెతికితే మెకానిక్స్ పుస్తకం 180 రూపాయలకి దొరికింది. ఎవరో సీనియర్ పెన్సిల్‌తో పక్కన వేసుకున్న లెక్కలు అందులో ఉన్నాయి, కొత్త పుస్తకంకంటే అదే మేలయింది. కాలిక్యులేటర్ మళ్లీ కొనాల్సి వచ్చింది. 991 మోడల్ పన్నెండు వందలు దాటింది. ఎవరిదైనా అడిగి తెచ్చుకుందామా అనుకున్నాను గానీ, అలవాటు లేని కాలిక్యులేటర్‌తో పరీక్ష హాల్లో కూర్చోవడం మంచిది కాదని కొనేశాను.

కృష్ణలంకలో రిటైరైన పాలిటెక్నిక్ సార్ ఒకరు పొద్దున ఆరింటికి చెబుతారని తెలిసి చేరాను. నెలకి రెండు వేలు. అక్టోబరు, నవంబరు రెండు నెలలూ వెళ్లాను. మొదటి వారం ఆయన ఒక్క సూత్రం కూడా రాయనివ్వలేదు, బొమ్మలే గీయించారు. "చూడమ్మా, ఆ వస్తువుని ఒక్కదాన్నే బయటికి తియ్యి. దాన్ని ఏవేవి తాకుతున్నాయో చూడు. తాకిన ప్రతిదాన్నీ చెరిపేసి, దాని బదులు ఒక బాణం పెట్టు. బరువుకి ఒక బాణం కిందికి. అయిపోయింది." ఫ్రీ బాడీ డయాగ్రమ్ అని క్లాసులో బోర్డు మీద చూసిందే, కానీ ఎవరూ చేతితో పట్టి గీయించలేదు. సిలబస్ పూర్తి చేసే తొందరలో మా కాలేజీలో ఆ యూనిట్ రెండు మూడు క్లాసుల్లో అయిపోయింది.

ఆయన చెప్పిన నియమాలు కొన్నే. తాడు లాగుతుంది, నెట్టలేదు. కాబట్టి తాడు బాణం ఎప్పుడూ వస్తువు నుంచి బయటికే. నున్నటి తలం నెడుతుంది, లాగలేదు, అదీ తలానికి లంబంగానే. గుండ్రటి వస్తువైతే ఆ బాణం కేంద్రం గుండా పోతుంది. మూడు బలాలు, సమాంతరం కానివి, ఒక వస్తువుని నిలబెడుతున్నాయంటే మూడూ ఒకే బిందువు దగ్గర కలిసి తీరాలి. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. తెలియని దిశ ఒకటి ఉంటే, తెలిసిన రెండు గీతల్ని పొడిగించి అవి కలిసేచోటు చూస్తే మూడోదాని దిశ దానంతటదే దొరుకుతుంది.

దీపావళి రోజుల్లో ఇంట్లో ఒక పని చేశాను. బీసెంట్ రోడ్డులో లగేజీ తూచే చిన్న డిజిటల్ కాటాలు రెండు కొన్నాను, ఒక్కోటి 280. కిటికీ గ్రిల్‌కి రెండు చోట్ల కాటాలు తగిలించి, వాటికి పురికొసలు కట్టి, రెండూ కలిసే ముడికి రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీశాను. వెనక అట్ట పెట్టి కొసల దారి గీసి ప్రొట్రాక్టర్‌తో కొలిచాను. కోణాలు బరువు వేలాడదీశాకే కొలవాలి. కట్టేటప్పుడు ఒకటుంటుంది, బరువు పడ్డాక కొసలు సాగి, ముళ్లు బిగిసి ఇంకోటవుతుంది. జరుపుతూ జరుపుతూ ఒక కొస అడ్డగీతకి 30 డిగ్రీలు, రెండోది 60 డిగ్రీలు వచ్చేలా చేశాను.

లెక్క ముందే వేసిపెట్టుకున్నాను. లామీ సిద్ధాంతం ప్రకారం ఒక్కో బలాన్నీ మిగతా రెంటి మధ్య కోణం సైన్‌తో భాగిస్తే మూడూ సమానం. రెండు కొసల మధ్య కోణం 90. బరువుకీ 30 డిగ్రీల కొసకీ మధ్య 120, బరువుకీ 60 డిగ్రీల కొసకీ మధ్య 150. అంటే 30 డిగ్రీల కొసలో 2 × సైన్ 150, అది 1 కిలో. 60 డిగ్రీల కొసలో 2 × సైన్ 120, అది 1.73 కిలోలు. కాటాలు 1.05, 1.80 దగ్గర ఆగాయి. సీసా బరువు, కాటాల సొంత బరువు కలిశాయి కాబట్టి ఆ తేడా ఉంటుంది. తమ్ముడు వచ్చి చూసి, "రెండు కిలోల సీసాకి రెండూ కలిపి రెండు కిలోల ఎనిమిది వందలేంటక్కా?" అన్నాడు. వాడి సందేహమే ఈ అధ్యాయానికంతటికీ మూలం. బలాల్ని అంకెల్లా కూడకూడదు, వాటికి దిశ ఉంది. రెండు కొసలూ సీసాని పైకి మోస్తూనే, ఒకదాన్నొకటి పక్కకి లాక్కుంటున్నాయి. ఆ పక్క లాగుడు పైకి మోయడానికి పనికిరాదు గానీ, కాటాకి మాత్రం తెలుస్తుంది. నిటారుగా ఉన్న కొసే ఎక్కువ మోస్తోందన్నది కూడా కళ్లముందు కనపడింది. వాలుగా ఉన్నదాని మీద భారమంతా పడుతుందని నేను అప్పటిదాకా ఊహించుకునేదాన్ని.

లామీ గురించి ఒక మాట. రెండు మార్కుల ప్రశ్నగా తరచూ అడుగుతారు కాబట్టి వాక్యం కచ్చితంగా రావాలి. పదిహేడో శతాబ్దంలో బెర్నార్డ్ లామీ అనే ఫ్రెంచి మతాచార్యుడు చెప్పింది ఇది. మనం ఇంటర్‌లో చదివిన సైన్ రూలే, బలాలతో గీసిన త్రిభుజానికి వేసింది. త్రిభుజం లోపలి కోణం 180లోంచి తీసేస్తే బలాల మధ్య కోణం వస్తుంది, రెంటికీ సైన్ ఒకటే. అది తెలిశాక లామీ వేరే సంగతిగా అనిపించలేదు. కానీ షరతులు మర్చిపోకూడదు. బలాలు మూడే ఉండాలి, ఒకే తలంలో ఉండాలి, ఒకే బిందువు గుండా పోవాలి. బాణాలు మూడూ ఆ బిందువు నుంచి బయటికి చూపేలా గీసుకోవాలి. గోడ నెట్టే బలాన్ని చాలామంది గోడ వైపు నుంచి కేంద్రంలోకి వచ్చే బాణంగా గీస్తారు. దాన్ని అదే గీత మీద జరిపి అవతలి వైపుకి తెచ్చుకుంటే కోణం సరిగ్గా వస్తుంది. అలా జరపకుండా కొలిస్తే 120 రావాల్సినచోట 60 వస్తుంది. సైన్ రెంటికీ ఒకటే కాబట్టి ఒక్కోసారి జవాబు కలిసిపోతుంది, దాంతో పద్ధతి కూడా సరైనదే అనుకుంటాం. కాస్ వాడాల్సిన లెక్కలో అది దొరికిపోతుంది.

నవంబరు మొదట్లో సార్ ఇచ్చిన లెక్క ఒకటి రాత్రంతా నిద్రపోనివ్వలేదు. 100 న్యూటన్ల రోలర్. 30 డిగ్రీల నున్నటి వాలు మీద ఉంది, కిందికి జారకుండా నిలువు గోడకి ఆనుకుని ఉంది. వాలు దాన్ని ఎంత బలంతో నెడుతోంది? మనసులో వెంటనే వచ్చేది బరువు × కాస్ 30, అంటే 86.6. ఇంటర్ ఫిజిక్స్ నుంచి చేతికి అలవాటైన సూత్రం అది. కానీ బొమ్మ గీసి లామీ వేస్తే 100 ÷ సైన్ 120, అంటే 115.5 వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. వాలు మీద పెట్టిన వస్తువుని ఆ వాలు వస్తువు బరువుకంటే ఎక్కువ బలంతో నెట్టడమేమిటి?

పొద్దున సార్‌ని అడిగితే జవాబు చెప్పకుండా, గోడ తీసేసి వాలు వెంబడి ఒక తాడు కట్టి మళ్లీ చెయ్యమన్నారు. ఇప్పుడు తాడులో 50 న్యూటన్లు, వాలు నుంచి 86.6. అదే వాలు, అదే బరువు, అదే కోణం, కానీ వాలు నెట్టే బలం మారిపోయింది. తేడా అంతా పట్టి ఉంచేదాని దిశలో ఉంది. తాడు వాలు వెంబడి లాగుతోంది కాబట్టి వాలులోకి ఏమీ నొక్కదు. గోడ మాత్రం అడ్డంగా నెడుతుంది. లామీ వేస్తే గోడ బలం 57.7 న్యూటన్లు వస్తుంది. ఆ నెట్టుడులో సగం, అంటే 28.9, రోలర్‌ని వాలులోకి నొక్కుతోంది. 86.6కి అది కలిస్తే 115.5. కాగితం మీద ఆ కూడిక సరిపోయేసరికి వీధిలోకి వెళ్లి ఎవరికైనా చెప్పాలనిపించింది. బరువు × కాస్ కోణం అనేది సూత్రం కాదని, ఒక ప్రత్యేకమైన బొమ్మకి వచ్చే జవాబు మాత్రమేనని అప్పుడు తెలిసింది. మీరు ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన వేసి చూడండి. గైడులో పాతిక లెక్కలు ఎత్తి రాయడంకంటే అది ఎక్కువ నేర్పుతుంది.

క్రేన్ల లెక్కలకి ఇంకో దారి ఉంది, ఇది క్లాసులో అసలు చెప్పలేదు. నిలువు స్తంభం 3 మీటర్లు, పైనుంచి టై రాడ్ (పట్టి ఉంచే కడ్డీ) 2 మీటర్లు, కింది నుంచి జిబ్ (క్రేన్ చెయ్యి) 4 మీటర్లు, ఆ రెండూ కలిసేచోట 6 కిలో న్యూటన్ల బరువు. కోణాలు ఇవ్వరు. అందరూ కొసైన్ రూల్ పెట్టి కోణాలు కనుక్కుని, ఆ తర్వాత లామీ వేస్తారు, పావుగంట పోతుంది. కానీ మూడు బలాలూ బొమ్మలోని మూడు భుజాలకి సమాంతరంగానే ఉన్నాయి. కాబట్టి బలాల త్రిభుజం, క్రేన్ త్రిభుజం సరూపాలు. 3 మీటర్లకి 6 కిలో న్యూటన్లు, అంటే మీటరుకి 2. టై రాడ్‌లో 4, జిబ్‌లో 8 కిలో న్యూటన్లు. అంతే. టై రాడ్ లాగుతోందో నెడుతోందో ఒక్క మాట రాయడం మర్చిపోకండి, దానికీ మార్కులుంటాయి.

సప్లీ నోటిఫికేషన్ నవంబరు రెండో వారంలో వచ్చింది. కాలేజీ ఆఫీసులో ఫీజు కట్టే కౌంటర్ మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటుంది, క్లాసులు మానుకుని లైన్లో నిలబడాలి. అన్నీ కలిపి ఎనిమిది వందల దాకా అయింది. ఫైన్ లేకుండా కట్టే గడువు మరీ తక్కువ, రోజూ నోటీసు బోర్డు చూడండి. రీవాల్యుయేషన్ నుంచి ఇక్కడిదాకా లెక్క వేసుకుంటే దాదాపు ఎనిమిది వేలు తేలింది. వరదలో ఫ్రిజ్జు, మంచాలు పోయిన సంవత్సరం అది. ఆ డబ్బు అడిగిన ప్రతిసారీ నాన్న ముఖం చూడలేకపోయాను.

పరీక్ష డిసెంబరు మూడో వారంలో. సెంటర్ గన్నవరం వైపు ఇంకో కాలేజీలో పడింది. తొమ్మిదిన్నరకి లోపల ఉండాలంటే బస్టాండులో ఏడున్నరకే బస్సెక్కాలి. హాల్లో మా వాళ్లు కాకుండా ఫైనలియర్ అన్నయ్యలు కూడా ఉన్నారు, ఈ ఒక్క సబ్జెక్టు కోసమే వచ్చినవాళ్లు. వాళ్లని చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది. పేపరు ఇచ్చేముందు కాలిక్యులేటర్‌లో సైన్ 30 కొట్టి చూసుకున్నాను. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు. మైనస్ 0.988 వస్తే రేడియన్లలో ఉన్నట్టు. పక్క బెంచీ అమ్మాయికి కూడా చెప్పాను, ఆమెది రేడియన్లలోనే ఉంది.

పేపరు 70 మార్కులకి. మొదటి ఇరవై చిన్న ప్రశ్నలకి, మిగతా యాభై యూనిట్‌కి పది చొప్పున. రెండో యూనిట్‌లో రెండు రోలర్ల లెక్క వచ్చింది. ఒక్కోటి 100 న్యూటన్లు, రెండూ 30 డిగ్రీల వాలు మీద ఒకదాని మీదొకటి ఆనుకుని ఉన్నాయి, కిందిది నిలువు గోడకి ఆనుకుంది. అన్ని తాకుళ్ల దగ్గరా బలాలు కనుక్కోమన్నారు. బొమ్మ చూడగానే గుండె దడ తగ్గింది. రెండు రోలర్లనీ విడదీసి రెండు బొమ్మలు గీశాను. స్కేలు పెట్టి, పెద్దవిగా, సగం పేజీ చొప్పున. పై రోలర్‌కి మూడే బలాలు: బరువు, వాలు, కింది రోలర్ నెట్టుడు. లామీ వేస్తే వాలు నుంచి 86.6, కింది రోలర్ నుంచి 50. కింది రోలర్‌కి నాలుగు బలాలు. ఇక్కడ లామీ పనిచేయదు. అక్షాల్ని నిలువుగా, అడ్డంగా కాకుండా వాలు వెంబడి ఒకటి, వాలుకి లంబంగా ఒకటి తీసుకున్నాను. అలా తీసుకుంటే వాలు వెంబడి సమీకరణంలో తెలియనిది గోడ బలం ఒక్కటే మిగులుతుంది. గోడ బలం × కాస్ 30 = 50 + 50, కాబట్టి గోడ నుంచి 115.5. లంబంగా రెండోది: 86.6 + గోడ బలంలో సగం 57.7, వాలు నుంచి 144.3.

జవాబు సరిచూడ్డానికి రెండు నిమిషాలు చాలు. రెండు రోలర్లనీ కలిపి ఒకే వస్తువు అనుకుంటే మధ్యలో ఒకదాన్నొకటి నెట్టుకునే బలం లెక్కలోకి రాదు. మొత్తం బరువు 200, వాలు వెంబడి 100, గోడ బలం × కాస్ 30 కూడా 100. సరిపోయింది. కింద చిన్నగా ఆ సరిచూపు కూడా రాశాను. దిద్దేవాళ్లకి పద్ధతి తెలిసినట్టు కనపడాలని సార్ చెప్పారు. ఫ్రీ బాడీ డయాగ్రమ్‌కి విడిగా మార్కులుంటాయి, జవాబు తేడా వచ్చినా అవి పోవు. అందుకే సమయం లేకపోయినా బొమ్మ వదలకండి. మిగతా యూనిట్లు మామూలుగానే రాశాను. డైనమిక్స్‌లో ఒక లెక్క సగంలో ఆగింది.

బయటికొచ్చి బాబాయ్‌కి ఫోన్ చేస్తే క్రేన్ మీదున్నానని పెట్టేశాడు. సాయంత్రం తనే చేసి, "లెక్కలు కలిశాయా?" అని అడిగాడు.

ఫలితాలు జనవరిలో వస్తాయన్నారు, సంక్రాంతి వెళ్లిపోయింది, రిపబ్లిక్ డే వెళ్లిపోయింది. వాట్సాప్ గ్రూపులో వారానికో తేదీ తిరిగేది, ఒక్కటీ నిజం కాలేదు. గ్రూపులు చూడ్డం మానేసి కాలేజీ నోటీసు బోర్డునే నమ్ముకున్నాను. ఫిబ్రవరి మొదటి వారంలో సాయంత్రం ఆరింటికి వచ్చాయి. ఈసారి సైటు వెంటనే తెరుచుకుంది. పాస్. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. నాన్న ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున సింగ్‌నగర్ సెంటర్‌లో ఇడ్లీ తినిపించారు.

ఇది రాస్తున్న 2025లో నాలుగో సెమిస్టర్‌లో ఉన్నాను. స్ట్రక్చర్స్‌లో ట్రస్‌లు (కడ్డీలు త్రిభుజాలుగా కూర్చిన చట్రాలు) మొదలయ్యాయి, ప్రతి జాయింటు దగ్గరా మళ్లీ ఇవే బాణాలు, ఇవే సైన్లు, కాస్‌లు. మా సెక్షన్‌లో ఇంకా సప్లీ ఉన్నవాళ్లు కొందరు సాయంత్రాలు లైబ్రరీలో నాతో కూర్చుంటున్నారు. వచ్చే సప్లీ నోటిఫికేషన్ జూన్ తర్వాత ఉండొచ్చని ఆఫీసులో అంటున్నారు. నా మార్కుల మెమో ఇంకా చేతికి రాలేదు, నెల పడుతుందన్నారు.